వరి మడి కూడా పని ప్రదేశమే: అండమాన్‌ ఎలుక జ్వరం చెబుతున్న పాఠం

శ్రీ విజయపురం: పని ప్రదేశం, ఉద్యోగుల ఆరోగ్యం అనగానే కార్యాలయాల ఒత్తిడి, సుదీర్ఘ పని గంటలు చర్చకు వస్తాయి. అండమాన్‌-నికోబార్‌ దీవుల్లో ఈ ప్రశ్న వరి మళ్లలో, మురుగు కాలువల్లో, పశువుల కొట్టాల్లో ఎదురవుతుంది. అక్కడ శ్రామికుల ఆరోగ్యాన్ని దెబ్బతీస్తున్నది వారు నిలబడి పనిచేసే నీరే.

ఆ వ్యాధి లెప్టోస్పైరోసిస్‌. వాడుకలో ఎలుక జ్వరం. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటిలోని బాక్టీరియా కాళ్లకు, చేతులకు ఉన్న చిన్న గాయాల ద్వారా శరీరంలో ప్రవేశిస్తుంది. తీవ్రమైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరగవచ్చు. రెండు రుతుపవనాల కాలాల్లోనూ వర్షాలు పడి, ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదయ్యే ఈ దీవుల్లో తడి నేల బాక్టీరియాకు అనువుగా ఉంటుంది.

ఇక్కడ ఈ వ్యాధి ఉనికిని 1931లోనే టేలర్‌, గోయల్‌ నివేదిక నమోదు చేసింది. అయినా 1988 నుంచి కనిపించిన ప్రాణాంతక జ్వరాన్ని తొలుత ‘అండమాన్‌ రక్తస్రావ జ్వరం’ అని మాత్రమే పిలిచారు. ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్‌ ప్రాంతంలో 1993లో వ్యాధి ప్రబలినప్పుడు జరిపిన పరిశోధనలో అది లెప్టోస్పైరోసిస్‌ అని తేలింది.

వృత్తికి, వ్యాధికి ఉన్న సంబంధాన్ని భారత వైద్య పరిశోధన మండలికి చెందిన స్థానిక కేంద్రం శాస్త్రవేత్తల అధ్యయనం స్పష్టం చేసింది. 2006లో వెలువడిన ఆ అధ్యయనంలో వ్యవసాయ పనివారిలో 62.5 శాతం, మురుగు పారిశుద్ధ్య కార్మికుల్లో 39.4 శాతం, పశువులతో పనిచేసేవారిలో 37.5 శాతం మంది రక్తంలో ఈ బాక్టీరియాకు ప్రతిరక్షకాలు కనిపించాయి. ముప్పు తక్కువగా ఉన్న పోలిక బృందంలో ఇది దాదాపు 15 శాతమే. ప్రతిరక్షకాలు ఉన్నవారంతా జబ్బుపడ్డారని కాదు; ఎప్పుడో ఒకప్పుడు బాక్టీరియా సోకిందని అర్థం. దీవులు ఒకటే, వాతావరణం ఒకటే. తేడా పనిలో ఉంది.

మందులతో సమస్య తీరుతుందా? ఉత్తర అండమాన్‌లో 782 మందిపై జరిపి 2000లో ప్రచురించిన పరీక్షలో, వారానికోసారి డాక్సీసైక్లిన్‌ తీసుకున్నవారిలో 3.11 శాతం, తీసుకోనివారిలో 6.82 శాతం జబ్బుపడ్డారు. జబ్బు సగానికి పైగా తగ్గినా, బాక్టీరియా సోకడం మాత్రం ఆగలేదు. మాత్ర మనిషిని కొంత కాపాడింది కానీ, మడిని మార్చలేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో లెప్టోస్పైరోసిస్‌ ఉంది. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని ఆ సంస్థ 2022లో ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. భారత్‌లో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలు జరిపించాలంటోంది. అయితే ఆ స్మృతి ప్రధానంగా పది మంది, అంతకు మించి పనివారున్న సంస్థలను దృష్టిలో పెట్టుకున్నది. నలుగురైదుగురు కూలీలతో సాగే చిన్న కమతం ఆ లెక్కకు అందదు. సొంత పొలంలో దిగే రైతుకు యజమానీ లేడు, పరిహారం అడిగే దారీ లేదు.

2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో 13 శాతానికి పైగా మాతృభాష తెలుగే. కాబట్టి హెచ్చరికలు కార్మికులకు అర్థమయ్యే భాషల్లో చేరడం మొదటి అవసరం. పారిశుద్ధ్య సిబ్బందికి గమ్‌బూట్లు, చేతితొడుగులు ఇవ్వడం, ఎలుకలను అదుపు చేయడం స్థానిక సంస్థల చేతిలోని పనులు. జ్వరంతో వచ్చిన వ్యక్తిని వైద్యుడు ‘ఏం పని చేస్తారు?’ అని అడగడానికి ఖర్చేమీ లేదు. ఆ ప్రశ్న సకాలంలో పడితే యాంటీబయాటిక్‌ చికిత్స త్వరగా మొదలవుతుంది. అక్కడే ఒక ప్రాణం నిలబడవచ్చు.