దూరం ఉంది, గొంతు కావాలి



ఫోన్ అన్న ఇంగ్లీషు మాటకు అర్థము, పర్యాయపదాలు రాయుము అని పరీక్షలో ఒక ప్రశ్న వచ్చిందనుకుందాం. మనలో చాలామంది దూరవాణి అని రాసి మార్కు తెచ్చుకుంటారు. ఇంకొంచెం చదివినవాడు టెలిఫోన్, రింగ్, కాల్, సెల్, మొబైల్ అని కూడా చేరుస్తాడు. జవాబులో తప్పేమీ లేదు. కానీ ఆ మాటకు మన ఉద్దానం జనం, ముఖ్యంగా హాస్టల్లో బిడ్డల్ని విడిచిపెట్టి పనులకు పోయే తల్లిదండ్రులు ఇచ్చిన అర్థాలు ఏ నిఘంటువులోనూ పూర్తిగా దొరకవు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ అర్థాల్ని ఒకచోట రాసి, పెద్దలకు ఒక మనవి చేసుకోవాలని హాస్టల్లో చదివి వెళ్లిన మేము కొందరం అనుకున్నాం.

ముందుగా మాట పుట్టుక చూద్దాం. గ్రీకు భాషలో టెలి అంటే దూరం, ఫోన్ అంటే గొంతు లేదా ధ్వని. రెండూ కలిస్తే టెలిఫోన్. 1861లోనే జర్మనీలో ఫిలిప్ రైస్ అనే ఉపాధ్యాయుడు తాను చేసిన పరికరానికి ఆ పేరు వాడాడు. 1876 మార్చి 7న అమెరికాలో అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కు పేటెంట్ వచ్చింది. మూడు రోజుల తరువాత, మార్చి 10న, ఆయన పక్కగదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ను తీగ మీద పిలిచాడు. సైన్సు పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. బెల్ తల్లికి వినికిడి సరిగా లేదు. ఆయన పెళ్లాడిన మేబుల్ చిన్నతనంలో వచ్చిన జ్వరం వల్ల వినికిడి పూర్తిగా పోగొట్టుకుంది. ఆయన చేసిన ఉద్యోగం కూడా బధిరులకు మాట నేర్పడమే. గొంతు వినబడకపోతే మనిషికి ఎలా ఉంటుందో ఇంట్లోనే చూసినవాడు గొంతును దూరం పంపే యంత్రాన్ని తయారుచేశాడన్నమాట.

తరువాత ఇంగ్లీషువాళ్లు వాడుకలో టెలి తీసేసి ఫోన్ అన్న ముక్క ఉంచుకున్నారు. గ్రామఫోన్, మైక్రోఫోన్, హెడ్‌ఫోన్ అన్నిట్లోనూ ఉన్నది ఆ ముక్కే. అంటే పేరులోంచి దూరం పోయింది, గొంతు మిగిలింది. హాస్టల్ పిల్లవాడి సంగతి దీనికి సరిగ్గా ఎదురు. వాడికి దూరం మిగులుతుంది, గొంతు దొరకదు. మేము చెప్పదలచుకున్న మాట ఇదే.

మిగతా పర్యాయపదాలకూ ఒక్కొక్క కథ ఉంది. రింగ్ అంటే గంట మోగడం. పాత ఫోనులో నిజంగానే గంట ఉండేది. డయల్ అంటే గడియారం ముఖం లాంటి గుండ్రని పలక. దాని కన్నాల్లో వేలు పెట్టి తిప్పితే నంబరు పడేది. ఇప్పుడు తిప్పడానికి ఏమీ లేకపోయినా డయల్ చేయడం అనే అంటున్నాం. సెల్ అంటే చిన్న గది. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజినీర్లు ఒక ప్రాంతాన్ని తేనెపట్టు గదుల్లా విడగొట్టి, గదికొక టవర్ చొప్పున పెట్టే ఆలోచన చేశారు. అందువల్ల సెల్‌ఫోన్ అయింది. మన ఊళ్లలో అంతకుముందు సెల్లు అంటే టార్చిలైటులో వేసే బ్యాటరీ. కాల్ అంటే పిలుపు. హాస్టల్లో మనకు ముందు తెలిసిన కాల్ ఫోను కాల్ కాదు, రాత్రిపూట వరుసలో నిలబడి పలికే రోల్‌కాల్.

మన పండితులు దూరవాణి, చరవాణి అన్నారు. కన్నడంలోనూ దూరవాణే. తమిళులు తొలైపేసి అన్నారు, హిందీలో దూర్‌భాష్ అన్నారు. అన్నీ చక్కని మాటలే, కార్యాలయాల బోర్డుల మీద శోభగానే ఉంటాయి. కానీ ఇంట్లో ఎవరూ "దూరవాణి చేశాను" అనరు. జనం ఇంగ్లీషు పేరునే తీసుకుని చివర ఒక ఉకారం తగిలించి ఫోను అన్నారు. పేరు అరువుదే అయినా దాని వెనక వచ్చే క్రియలన్నీ మనవే. ఫోను చేశాడు, ఫోను కొట్టాడు, ఎత్తలేదు, కలవలేదు, పెట్టేశాడు. గుమ్మం దగ్గర వాడే క్రియలు, మనుషులు కలుసుకునేటప్పుడు వాడే క్రియలు ఫోనుకు అమరిపోయాయి. అందుచేత ఫోను అనడం తెలుగు రాకపోవడం కాదని మా అభిప్రాయం. భాష పేరులో కన్నా క్రియలో ఎక్కువ బతుకుతుంది.

ఇప్పటి తమ్ముళ్లకు తెలియని పాత అర్థాలు రెండు చెప్తాం. ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో ఫోన్లుండేవి. దరఖాస్తులో ఆ ఇంటివారి నంబరు రాసి పక్కన పి.పి. అని రాసేవారు. అంటే ఆ ఫోను మాది కాదు, పిలిస్తే వస్తాం అని. ఆ రెండక్షరాల్లో పక్కింటివాడి మంచితనం ఉండేది. రెండోది మిస్డ్ కాల్. 1995 జూలై 31న కోల్‌కతా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడడంతో మన దేశంలో సెల్‌ఫోను మొదలైంది. ఆ తొలి రోజుల్లో వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టవలసి వచ్చేది. 2003 మే నెల నుంచి వచ్చే కాల్ ఉచితమైంది. అప్పటి నుంచి చేసేవాడిదే ఖర్చు గనుక, మోగించి పెట్టేయడం మన జనం బాగా నేర్చుకున్నారు. ఒక మోత అంటే క్షేమంగా చేరాను, రెండు మోతలంటే నువ్వు చెయ్యి. ఇంగ్లీషులో ఆ మాటకు ఎత్తలేకపోయిన కాల్ అని అర్థం. మన దగ్గర అది ఎత్తకూడని కాల్. పైసా ఖర్చు లేకుండా క్షేమసమాచారం పంపిన ఆ తెలివి పేదవాళ్లది.

జాతీయ రహదారి పక్కన ఉన్న మన జలంత్రకోటలో నిలబడితే ఈ అర్థాలు ఇంకా బాగా తెలుస్తాయి. ఇటు పలాస, విశాఖ వైపు, అటు ఇచ్ఛాపురం దాటి ఒడిశా వైపు బస్సులు, లారీలు పోతూనే ఉంటాయి. వాటిలో మన ఇళ్లవాళ్లుంటారు. హైదరాబాదు భవన నిర్మాణ పనులకు కొందరు, గుజరాత్ రేవుల్లో చేపలవేటకు కొందరు, వెల్డింగ్, ఫిట్టర్ పనులకు గల్ఫ్ దేశాలకు కొందరు. కొబ్బరి, జీడితోటలున్న ఉద్దానంలో కూడా పనులు ఏడాది పొడవునా ఉండవు. తండ్రి ఒకచోట, తల్లి ఇంకోచోట, పిల్లడు హాస్టల్లో. ఇలాంటి ఇంటికి ఫోనే ఇల్లు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, పనసచెట్లు నేలకూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, టవర్లు మూగబోయాయి. ఆ రోజుల్లో "ఫోను కలవడం లేదు" అన్న మాటకు ఒకే అర్థం. ఉన్నారో లేదో తెలియడం లేదని. దూరాన పనిలో ఉన్నవాళ్లకు ఇల్లు పోయిందన్న బాధ కన్నా ఆ తెలియకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన జిల్లా మత్స్యకారులు ఎందరో గుజరాత్‌లో చిక్కుకుపోయారు. అప్పుడే హాస్టళ్లు మూతపడి పిల్లలు ఇళ్లకు చేరారు. పాఠాలు ఫోనులోకి వెళ్లాయి. ఇంట్లో టచ్ ఫోను లేనివాడికి బడి లేకుండా పోయింది. ఆ ఏడాది ఫోను అంటే బడి అని కొత్త అర్థం పుట్టింది.

ఒక నంబరు ఏకంగా తెలుగు మాటే అయిపోయింది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవ మొదలైంది. ఇప్పుడు ఎవరూ అంబులెన్సు వచ్చిందనరు, "నూటెనిమిది వచ్చింది" అంటారు. కిడ్నీ జబ్బు ఇన్ని కుటుంబాల్ని పీడిస్తున్న ఉద్దానంలో ఆ మాట విలువ చెప్పనక్కర్లేదు. డబ్బు పంపమనడానికి కూడా "ఫోన్‌పే కొట్టు" అంటున్నాం, అది ఏ కంపెనీ యాప్ అయినా సరే.

ఇన్ని అర్థాలు ఎందుకు చెప్పామంటే, హాస్టల్లో ఫోను అనగానే పెద్దలకు ఒక్క అర్థమే గుర్తొస్తుంది. టచ్ ఫోను, గేములు, రీల్సు, చదువు పాడు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. రాత్రంతా తెర చూసి పొద్దున్న క్లాసులో కునికే పిల్లల్ని మేమూ చూస్తున్నాం. పిల్లవాడి చేతికి టచ్ ఫోను ఇమ్మని మేము అడగడం లేదు. అయితే ఒక సంగతి గమనించాలి. అది పేరుకు ఫోనే గాని, అందులో ఎక్కువసేపు నడిచేది తెర. తెర ఫోను వద్దనే తొందరలో గొంతు ఫోనును కూడా వద్దనేస్తున్నాం. ఒకే పేరు ఉండడంవల్ల రెండింటికీ ఒకే శిక్ష పడుతోంది.

హాస్టళ్లలో సాధారణంగా వార్డెన్ గారి సొంత ఫోనో, వాచ్‌మన్ ఫోనో అందరి ఫోను అవుతుంది. వాళ్లు మంచివాళ్లు కాబట్టే ఇస్తారు. కానీ అమ్మతో మాట్లాడడం ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు. అన్నం, పుస్తకం, దుప్పటి హాస్టల్లో హక్కుగా దొరుకుతున్నట్టే ఇంటివాళ్ల గొంతు కూడా దొరకాలి. జ్వరం వచ్చినవాడు, దెబ్బలు తిన్నవాడు, ఎవరికీ చెప్పుకోలేని భయం ఉన్నవాడు అడగడానికి మొహమాటపడి ఊరుకుంటాడు. హాస్టల్ మానేసి వెళ్లిపోయిన పిల్లల్లో కొందరిని ఆపడానికి ఆ రాత్రి ఒక్క ఫోను చాలేదని మా నమ్మకం.

ఒక చిన్న లెక్క చేద్దాం. హాస్టల్లో వందమంది పిల్లలున్నారనుకోండి. ఒక్కొక్కరికి వారానికి 10 నిమిషాలు. మొత్తం 1000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. ఏడు రోజులకు పంచితే రోజుకు రెండు గంటల ఇరవై మూడు నిమిషాలు. రెండు బొత్తాల ఫోన్లు పెడితే రోజుకు గంటా పన్నెండు నిమిషాల్లో పని అయిపోతుంది. సాయంత్రం ఆటల వేళకూ భోజనానికీ మధ్య ఆ సమయం దొరుకుతుంది. ఖర్చు రెండు ఫోన్లు, నెలనెలా రెండు రీఛార్జీలు. నిమిషానికింత అని లెక్కగట్టే రోజులు పోయాయి.

కనుక పెద్దలకు మా మనవి. ప్రతి హాస్టల్లోనూ, ఆడపిల్లల హాస్టళ్లలో మరీ ముందుగా, పిల్లల కోసమే బొత్తాల ఫోన్లు పెట్టించండి. ఎవరి వంతు ఏ రోజో గోడ మీద రాయించండి. ఇంటివాళ్ల నంబర్లు రిజిస్టరులో ఉంచండి. మాట్లాడేటప్పుడు పక్కన ఎవరూ నిలబడి వినకుండా చూడండి. విన్నంతసేపూ పిల్లవాడు "బాగానే ఉన్నాను" అనే అంటాడు. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 అని ఫోను పైనే పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ నంబర్లు చేయడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేకుండా చూడండి. పూర్వ విద్యార్థులుగా మేము చేయగలిగిన సాయం చేస్తాం. మొదటి రెండు ఫోన్లకు చందాలు వేసుకోవడానికి మాలో కొందరు సిద్ధంగా ఉన్నారు.

తమ్ముళ్లారా, మీకూ ఒక మాట. మీ వంతు వచ్చినప్పుడు పది నిమిషాలూ డబ్బు పంపమనడానికే వాడకండి. నానకు పని దొరికిందా, అమ్మకు ఒళ్లు ఎలా ఉంది, చెల్లి బడికి పోతోందా అని అడగండి. స్నేహితులు వింటున్నారని పుస్తకం భాషలోకి మారిపోకండి. "ఏటమ్మా, అన్నం తిన్నావా" అని మన ఊరి మాటల్లోనే అడగండి. మీ గొంతు గుర్తుపట్టడానికి ఆమెకు అదే ఆనవాలు.