డ్రాయింగ్ మాస్టారు, కుట్టు టీచరమ్మ

మన రాష్ట్రంలో బడిపిల్లలకి బొమ్మలు నేర్పాలనుకునేవాళ్ళూ, కుట్టుపని నేర్పాలనుకునేవాళ్ళూ ఎక్కువమంది నడిచే దారి ఒకటే. ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే టెక్నికల్ పరీక్షలు లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు రాస్తారు. వేసవి సెలవుల్లో 42 రోజుల శిక్షణ తీసుకుంటారు. చివరికి చేతికొచ్చేది టి.టి.సి. సర్టిఫికెట్. ఆ పరీక్షల్లో డ్రాయింగ్ ఒక శాఖ, టైలరింగ్-ఎంబ్రాయిడరీ ఒక శాఖ, చేనేత మరొకటి. ఆడవాళ్ళు ఇందులో చేరాలి, మగవాళ్ళు అందులో చేరాలి అని ఎవరూ శాసించరు. అయినా చిలకలూరిపేట నుంచి దర్శి దాకా నేను తిరిగిన ఊళ్ళలో ఎక్కడ అడిగినా జనం నోట వచ్చేది “డ్రాయింగ్ మాస్టారు”, “కుట్టు టీచరమ్మ”. డ్రాయింగ్ టీచరమ్మ అనే మాట చాలా అరుదుగా విన్నాను. కుట్టు మాస్టారు అనే మాట బడిలో అసలు వినలేదు. బజారులో మాత్రం కొట్టు పెట్టుకుని, బోర్డు కట్టి, మిషను ముందు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. డబ్బులొచ్చే చోట కుట్టుపని మగవాడి వృత్తి. అదే పని బడిలో అడుగుపెట్టేసరికి ఆడపిల్లకి “రేపు ఇంటికి పనికొచ్చే విద్య” అయిపోతుంది.

టీచర్లకి కళ నేర్పే శిక్షణ గురించి స్త్రీల హక్కుల పత్రికలో ఎందుకని ఎవరికైనా అనిపించొచ్చు. వరకట్నం, కూలి రేట్లు, ఇంట్లో హింస ఉండగా బొమ్మల గొడవ ఏమిటని. నా వాదన చిన్నదే. ఆడపిల్ల చెయ్యి ఎవరి కోసం పనిచేయాలో బడి చాలా తొందరగా నేర్పుతుంది. ఆ పాఠాన్ని ముందుగా నేర్చుకునేది టీచరు, శిక్షణలో. బొమ్మ వేసేవాడు ముందు లోకాన్ని చూడాలి, తనకేం కనపడిందో చెప్పాలి, తప్పో ఒప్పో తన గీత తను గీయాలి. కుట్టే పిల్లకి అప్పజెప్పేది వేరేవాళ్ళ ఒంటి కొలత. కుట్టుపని తక్కువదని నేననడం లేదు. ఒక మిషను మీద పిల్లల్ని చదివించుకున్న ఒంటరి స్త్రీలు ఈ జిల్లాల్లో ఎంతమందో. నేను ప్రశ్నిస్తున్నది పంపకాన్ని. చూపు ఒకరికి, సేవ ఒకరికి అని పంచి, ఆ పంపకానికి ప్రభుత్వ ముద్ర వేసి సర్టిఫికెట్ ఇవ్వడాన్ని.

ఈ పంపకం నిన్న మొన్నటిది కాదు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మద్రాసులో కళాపాఠశాల పెట్టాడు. ఆ కాలపు వలస ప్రభుత్వ కళాశిక్షణలో డ్రాయింగ్ అంటే ప్రధానంగా నమూనా చూసి కచ్చితంగా నకలు దించడం. జ్యామితి ఆకారాలు, కుండ, ఆకు, అచ్చుపోసిన పువ్వు. వాళ్ళకి చిత్రకారులకంటే పనిమంతుల అవసరం ఎక్కువ. మరోపక్క మిషన్ వాళ్ళ బాలికల బళ్ళలో అక్షరంతోపాటు సూదీ దారం వచ్చాయి. ఆ సూదీ దారం ఎటు దారితీసిందో మరియా మీస్ నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న వేలాది స్త్రీలని “తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు”గా లెక్కగట్టారు కాబట్టే కూలి అంత తక్కువ. శ్రమని శ్రమగా గుర్తించకపోవడంలో ఉన్న లాభం ఎవరిదో ఆ పుస్తకం చదివినవాళ్ళకి మళ్ళీ చెప్పనక్కర్లేదు. మన చీరాల, వేటపాలెం మగ్గాల దగ్గరా అంతే. కండెలు చుట్టేదీ, నూలు సిద్ధం చేసేదీ ఇంటి ఆడవాళ్ళు. నేతగాడు అనిపించుకునేది మగ్గం గుంటలో కూర్చున్నవాడు.

మిరప కోతల కాలంలో ఈ జిల్లాల్లోని ఏ హైస్కూలుకైనా వెళ్ళి ఏడు, ఎనిమిది తరగతుల హాజరుపట్టీ చూడండి. నేను చూసిన బళ్ళలో ఖాళీ గళ్ళు ఎక్కువగా ఆడపిల్లల పేర్ల ఎదుటే ఉన్నాయి. తల్లి కోతకి పోతే చంటిపిల్లని ఎత్తుకునేది పెద్దపిల్ల. పిల్లే కోతకి పోతే ఇంటికి ఇంకో కూలి. అంతకు ముందు పత్తి తీతలు, ఆ తర్వాత కల్లాలు. కల్లంలో ఆరబోసిన కాయల ముందు గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్ళని ఎప్పుడైనా నిదానంగా గమనించారా? నిండుగా పండిన ఎరుపు, ఎండకి పాలిపోయిన ఎరుపు, మంచుకో వానకో తడిసి నల్లబారిన ఎరుపు, మచ్చపడి తెల్లబోయిన తాలు. మనకి అన్నీ ఎండుమిరపకాయలే. ఆమె చెయ్యి ఆగకుండా వేరుచేసుకుంటూ పోతుంది. తేజ రకానికి కారం మీద ధర, బాడిగ రకానికి రంగు మీద ధర. గుంటూరు యార్డులో బస్తా విప్పి కొనేవాడు ముందు చూసేది రంగే. ఆ రంగుని కల్లంలో నిలబెట్టిన కన్ను కూలి ఆడదానిది. ఆ కంటికి నైపుణ్యం అని పేరు లేదు, దానికంటూ విడిగా కూలి లేదు. మిగిలేది వేళ్ళ మంట, దగ్గు.

ఆ తల్లి పక్కన కూర్చుని ఏరిన పిల్ల బడికొస్తుంది. వారానికొక డ్రాయింగ్ పీరియడ్ ఉంటే ఉంటుంది, దాన్ని లెక్కల మాస్టారు అడిగి తీసేసుకోకపోతే. ఆ పీరియడ్‌లో ఎరుపు అంటే డబ్బాలో ఒక క్రేయాను, అదీ కొనుక్కోగలిగితే. పది రకాల ఎరుపులు తెలిసిన పిల్లకి, బోర్డు మీద వేసిన జెండా బొమ్మ చూసి దించమని చెబుతారు. టీచరుని తప్పుపట్టి లాభం లేదు. ఆమెకి శిక్షణలో ఎవరూ ఆ కల్లం చూపించలేదు, అక్కడ చూడటానికి ఏదో ఉందని కూడా చెప్పలేదు. గుంటూరు వైపు వాళ్ళకి బోయపాలెం, ప్రకాశం వైపు వాళ్ళకి మైనంపాడు డైట్‌లు ఉన్నాయి. రెంటి చుట్టుపక్కలా ఉన్నవి పొలాలే. డి.ఎడ్. చదువులో కళావిద్య అని ఒక భాగమూ ఉంది. నాతో మాట్లాడిన చాలామంది టీచర్లకి దాంట్లో గుర్తున్నది రికార్డు పుస్తకం, అందులో అతికించిన ఆకులూ పూసలూ. పరీక్ష ముందురోజు రాత్రి అక్కచెల్లెళ్ళ చేత చేయించుకున్నామని నవ్వుతూ చెప్పినవాళ్ళలో మగ టీచర్లే ఎక్కువ!

ముగ్గు సంగతి చూడండి. చుక్క లెక్క తప్పకుండా, చెయ్యి ఎత్తకుండా, వేళ్ళ మధ్య నుంచి జారే పిండితో గీత నడపడం గీత మీదా కొలత మీదా ఎంత పట్టు ఉంటే సాధ్యం? అది టీచరు శిక్షణలో డ్రాయింగ్‌గా ఎక్కడ లెక్కకొచ్చింది? శాంతినికేతన్ కళాభవన్ 1919లో మొదలైంది. అక్కడ బెంగాలు ఆడవాళ్ళ ముగ్గయిన ఆల్పనని పాఠంగా పెట్టారు. నేర్పే పని మొదట సుకుమారీ దేవికి, తర్వాత నందలాల్ బోస్ కూతురు గౌరీ భంజకి అప్పగించారు. ఇంట్లో నేర్చుకున్న విద్యతో ఒక స్త్రీ కళాశాలలో గురువు కావడం మన దేశంలోనే జరిగింది. మన దగ్గర మాత్రం సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి, కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు స్టీలు గిన్నెలు బహుమతిగా ఇస్తారు. అలాగని ముగ్గుని నెత్తిన పెట్టుకుని ఊరేగమనడం లేదు. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి వేయాల్సిన చాకిరీ కూడా అదే. ఎవరి వాకిట్లో ఎవరు కళ్ళాపి చల్లుతారన్నది కులం సంగతి కూడా. డప్పు మీద దరువు, తోలు పదును పెట్టే పనితనం, తోలుబొమ్మకి రంధ్రాలు కొట్టే విద్య “జానపద కళలు” అనే ఒక్క మాటలో సర్దుకుపోయినప్పుడు, వాటిని నిలబెట్టిన కులాల పేర్లు మాయమవుతాయి. టీచరు శిక్షణలో ఈ చర్చ జరగాలి. జరగనప్పుడు ఊరేగింపుకి డప్పు, గేటు ముందు ముగ్గు, అంతే.

గేటు ముందు ముగ్గు వేసేదెవరు? కలెక్టరుగారు వస్తున్నారంటే చాలు, ముగ్గు, పూలు, స్వాగత నృత్యం అన్నీ మహిళా టీచర్ల నెత్తిన పడతాయి. అది డ్యూటీ కిందకి రాదు, శిక్షణ లేదు, గుర్తింపు అంతకన్నా లేదు. “మేడమ్, మీకైతే చేతనవుతుంది” అన్న మెప్పు ఒకటి. హారతి పళ్ళెం పట్టుకోవడానికి పిల్లల్ని ఎంచేటప్పుడు ఎవరిని ముందు నిలబెడతారో, ఎవరిని వెనక్కి పంపుతారో చూసినవాళ్ళకి తెలుసు. నల్లని పిల్ల, కూలివాళ్ళ పిల్ల అక్కడే తన స్థానం నేర్చుకుంటుంది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం అనుబంధంలో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్యకి, ఆరోగ్య-వ్యాయామ విద్యకి, పని విద్యకి బోధకులుండాలని ఉంది. ఉంది కానీ ముందు “పార్ట్‌టైమ్” అని తగిలించారు. హక్కు పిల్లలదంటారు, నేర్పేవాళ్ళకి మాత్రం గౌరవ వేతనం, ఏడాదేడాదికీ భయం. పార్ట్‌టైమ్ అనగానే ఎలాగూ ఇంట్లో ఉండేవాళ్ళే కదా, వచ్చింది చాలు అనే లెక్క స్త్రీల విషయంలో వెంటనే పనిచేస్తుంది. నరసాపురం లేసు లెక్క ఇదే. 2019లో నిష్ఠ పేరుతో దేశమంతా టీచర్లకి ఇచ్చిన శిక్షణలో కళతో కలిపి బోధించడం మీద ఒక భాగం ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా అదే చెప్పింది. సైన్సు పాఠాన్ని పాటగా పాడించడం మంచిదే. కానీ మాత్రకి పూసిన పంచదారలాగే కళ మిగిలిపోతే, బొమ్మ వేయడం నేర్పేదెవరు? 2023 పాఠ్యప్రణాళిక చట్రం కళావిద్యని విడిగా ఒక విషయంగా నిలబెట్టింది, ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆరో తరగతికి “కృతి” అనే పుస్తకమూ తెచ్చింది. పుస్తకం వచ్చినంత తేలిగ్గా టీచరు రాదు.

లెక్కల టీచరే లేని చోట బొమ్మల టీచరు విలాసం కాదా అని మన ఉద్యమ మిత్రులే అంటారు. వాళ్ళకి నెల్లూరు గుర్తుచేస్తాను. 1990 తర్వాత అక్కడి అక్షరాస్యత ఉద్యమంలో కార్యకర్తలకి పాట, నాటకం నేర్పి కళాజాతాలుగా ఊళ్ళకి పంపారు. వాచకంలో సీతమ్మ కథ పెట్టారు. దూబగుంటలో ఆడవాళ్ళు ఆ కథలో తమ ఇల్లు చూసుకుని సారా దుకాణం మీదకి నడిచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. పాట కట్టడం, ఆడటం నేర్పే శిక్షణ అక్కడ ఎవరికీ విలాసంగా తోచలేదు. కూలి ఆడవాళ్ళు బొమ్మకి, కథకి జవాబు చెప్పగలరని నమ్మి ఇచ్చిన శిక్షణ అది.

కాబట్టి మనం అడగాల్సింది ఇంకో కొత్త పీరియడ్ కాదు. డ్రాయింగ్, కుట్టు, నేత అన్నీ ఆడ, మగ టీచర్లు ఇద్దరూ నేర్చుకునేలా 42 రోజుల కోర్సుని తిరగరాయాలి. నేర్పేవాళ్ళకి పూర్తి జీతం ఉండాలి. డైట్‌లో శిక్షణ పొందేవాళ్ళు కొన్ని రోజులు కల్లాల దగ్గర, మగ్గాల దగ్గర గడపాలి. అక్కడ పనిచేసే స్త్రీలని గెస్టు లెక్చరర్లుగా పిలిచి, మిగతా గెస్టులకిచ్చేంత డబ్బూ ఇవ్వాలి. ఈ చివరి మాట ఒక సమావేశంలో అంటే అందరూ నవ్వారు. ఇన్ని చెప్పినా అధికారులు నవ్వింది దీనికొక్కదానికే కాబట్టి, ముందు దీన్నే పట్టుకుందాం అనిపిస్తోంది. వచ్చే వేసవి శిక్షణ మొదలయ్యేలోగా మీ మండలంలో డ్రాయింగ్‌లో ఎంతమంది ఆడవాళ్ళు చేరుతున్నారో, టైలరింగ్‌లో ఎంతమంది మగవాళ్ళు చేరుతున్నారో కనుక్కుని మాకు రాయండి.