డైనమో మార్చే ముందు మీటర్ పెట్టి చూడండి



పైన ఉన్న వీడియోలో బండి ఆల్టర్నేటర్‌ను ఇంటి దగ్గరే విప్పి, వేరేది బిగించడం చూపించాం. మన వరంగల్ వైపు దీన్ని అందరూ డైనమో అనే అంటారు, కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను. "ప్రకృతి వ్యవసాయం వీడియోల మధ్యలో కారు రిపేరు ఏంటన్నా?" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. నా దృష్టిలో ఇది కూడా ప్రకృతి వ్యవసాయంలో భాగమే. ఎందుకో చెప్తాను.

పాళేకర్ గారి పద్ధతిలో జీవామృతం కలిపేవాళ్లకి లెక్క నోటికి వచ్చు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఈ లెక్క వెనక ఒక బుద్ధి ఉంది. షాపుకి పరిగెత్తే ముందు మన దగ్గర ఏముందో చూడాలి, ఆకు పసుపు పడితే ఎందుకు పడిందో మనమే కనిపెట్టాలి. డీలర్ ఏ డబ్బా ఇస్తే అది కొట్టే అలవాటు మనం మానుకున్నది అందుకే. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనెబావి ఊరు 2006లో మొత్తం రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. పురుగును చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నాకే వాళ్లకి అది సాధ్యమైంది.

మరి అదే రైతు, బండి మీటర్ మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలిగితే ఏం చేస్తున్నాడు? తాళం చెవి ఎవరి చేతిలోనో పెట్టి, "ఏం పోయింది, ఎంత అయితది" అని చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. మందుల షాపు ముందు నిలబడ్డ పాత రోజులకీ దీనికీ తేడా ఏముంది?

ఇంకో విషయం. మనవాళ్లకి బండి అవసరం మిగతావాళ్లకంటే ఎక్కువ. కూరగాయలు, బియ్యం, పప్పులు నేరుగా హనుమకొండలో ఇళ్లకి ఇచ్చేవాళ్లం, తెల్లారకముందే బయల్దేరేవాళ్లం మనమే. దళారీ పొలం దగ్గరికి వచ్చి తీసుకుపోయే సరుకు కాదు మనది. ఎనుమాములకి మిర్చి తోలినా, రైతుబజారుకి ఆకుకూర తెచ్చినా, బండి దారిలో ఆగితే ఆ రోజు రాబడి ఆగినట్టే. ఆకుకూర మర్నాటి దాకా ఉండదు.

లెక్క వేసి చూడండి. రెండు హెడ్‌లైట్లు 55 వాట్లవైతే 110 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు. వెనక లైట్లు, వైపర్ కలిపితే 12, 13 దాకా పోతుంది. డైనమో పని చేయకపోతే ఇదంతా బ్యాటరీయే మోయాలి. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద నాలుగైదు గంటలు రావాలి గానీ, సగం దిగేసరికే లైట్లు మందగిస్తాయి. కంప్యూటర్‌తో నడిచే కొత్త డీజిల్ బండ్లలో అయితే ఇంజన్‌కి కూడా కరెంటు కావాలి, బ్యాటరీ దిగితే ఇంజనే ఆగిపోతుంది. రాత్రి పూట నర్సంపేట రోడ్డు మీద లైట్లు లేని బండి ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నా అసలు వాదన. అందరూ డైనమో మార్చడం నేర్చుకోనక్కర్లేదు. కొలవడం మాత్రం అందరూ నేర్చుకోవాలి. కొన్ని వందల రూపాయలకి మల్టీమీటర్ దొరుకుతుంది. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 అంటే సుమారు సగం దిగినట్టు. ఇంజన్ స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. లైట్లు, బ్లోయర్ వేసి, కొంచెం రేస్ ఇచ్చినా 13.5 కింద పడకూడదు. స్టార్ట్ చేసినా 12.4 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే చార్జింగ్ లేదని అర్థం. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. ఈ ఒక్క కొలత తెలియక మంచి బ్యాటరీని పడేసి కొత్తది కొనేవాళ్లు ఎందరో. డైనమో చెడితే కొత్త బ్యాటరీ కూడా వారంలో పడుకుంటుంది.

చార్జింగ్ లేదని తేలినా వెంటనే డైనమో మీద నింద వేయకండి. ముందు బెల్ట్ చూడండి. మామూలు వి బెల్ట్ అయితే రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటర్ దిగాలి, అంతకంటే లూజుగా ఉంటే జారుతుంది. తర్వాత బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి చిలుము, ఇంజన్ ఎర్త్ వైరు, డైనమో వెనక కప్లర్, ఫ్యూజు చూడండి. ఇవన్నీ బాగుంటేనే లోపలికి వెళ్లాలి. లోపల కూడా చాలాసార్లు పోయేది కార్బన్ బ్రష్షులు, రెగ్యులేటర్, డయోడ్ ప్లేటు, బేరింగు. ఇవి విడిగా మారుస్తారు. మొత్తం డైనమో పారేయాల్సిన పని ప్రతిసారీ ఉండదు.

విప్పే పద్ధతి వీడియోలో ఉంది, ఇక్కడ జాగ్రత్తలు మాత్రమే చెప్తాను. మొట్టమొదట బ్యాటరీ నెగెటివ్ తీగ తీయాలి, చివర్లో అదే పెట్టాలి. డైనమో వెనక లావు వైరు, బి ప్లస్ అంటారు, నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తాళం తీసేసినా దాంట్లో కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులే. బెల్ట్ ఏ దారిలో తిరుగుతుందో విప్పకముందే ఫోన్‌లో ఫోటో తీయండి. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పుల్లీ, బోల్టు రంధ్రాలు, కప్లర్, ఆంపియర్లు సరిపోల్చండి. కింద నుంచి పని చేయాల్సి వస్తే ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి "డైనమో పని చేస్తుందా" అని చూసే పాత అలవాటు మానేయండి. ఆ దెబ్బకి ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. చాలా పాత డీజిల్ జీపులు, పికప్పులు, కార్లలో డైనమో వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు తేలిగ్గా పడేది దాని వల్లే. ఆయిల్ పైపు, వాక్యూమ్ పైపు సరిగ్గా బిగించకపోతే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అలాంటి బండి మీకు కొత్తయితే మీరు ముట్టుకోవద్దు. కంప్యూటర్ అదుపులో చార్జింగ్ జరిగే కొత్త కార్లు కూడా అంతే. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పనితనమే.

"కంపెనీ బయట ముట్టుకుంటే వారంటీ పోతది కదా" అంటారు. భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడి భాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకి అందకుండా చేయడమే కారణం. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అని షరతు పెట్టకూడదని కూడా ఆ ఉత్తర్వులో చెప్పింది. తర్వాత ఆ వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. అందులో బండ్లతో పాటు వ్యవసాయ పనిముట్లు కూడా ఉన్నాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం రైతుల యంత్రాల రిపేరు హక్కుకి చట్టమే చేసింది, అది 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. అంటే ఇది ఒక్క మన బాధ కాదు. విత్తనం మీద హక్కు ఎలాంటిదో, పానా మీద హక్కు అలాంటిదే.

ఇలా చెప్తే మన ఆటో ఎలక్ట్రిషియన్ల పొట్ట కొట్టినట్టు కాదా? నాకైతే అలా అనిపించదు. కాలిన వైండింగ్ మళ్లీ చుట్టి, బేరింగ్ మార్చి పాత డైనమోకి ప్రాణం పోసే పనిమంతులు వాళ్లు. మనం "12.3 దగ్గరే ఉంది, బెల్ట్ బాగుంది, ఎర్త్ చూశాను" అని చెప్పి అప్పగిస్తే వాళ్ల టైము మిగులుతుంది, మనకి నమ్మకం మిగులుతుంది. మోసం చేసేవాడికే మన తెలివితో ఇబ్బంది, పనిమంతుడికి కాదు. పక్కనే ఆలేరు దగ్గర శారాజీపేటలో, ఆరో తరగతితో బడి మానేసిన చింతకింది మల్లేశం గారు అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మనం ఒక మీటర్ చదవడం పెద్ద పనా?

నా సూచన ఒకటే. ఊరికో స్ప్రేయర్ పెట్టుకున్నట్టే, ప్రతి రైతు సంఘం ఒక మల్టీమీటర్, ఒక చార్జర్, ఒక స్పానర్ సెట్టు ఉమ్మడిగా కొనుక్కోవాలి. నెలకోసారి జీవామృతం కలిపే రోజునే సంఘంలో ఉన్న బండ్లు, ట్రాక్టర్ల వోల్టేజీ చూసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆడవాళ్లకీ, బడి పిల్లలకీ నేర్పండి. తెల్లవారుజామున బండి ఆగినప్పుడు స్టీరింగ్ దగ్గర ఎవరుంటారో ముందే చెప్పలేం కదా.

ఈ వారమే మీ బండి కొలిచి, ఆపి ఉన్నప్పుడు ఎంత, స్టార్ట్ చేశాక ఎంత అన్నది వీడియో కింద రాయండి. బండి పేరు, బ్యాటరీ ఎన్నేళ్లదో కూడా రాయండి. ఏ రీడింగ్‌కి ఏం చూడాలో అక్కడే మాట్లాడుకుందాం.