తాగుడు మానినవాడికి తావేదీ?

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. తాగుడు మానిన మనిషి పట్ల మన పల్లెలు నడుచుకునే తీరు అచ్చం అలాగే ఉంది. మూడు నెలలుగా చుక్క ముట్టని మనిషి కాస్త నీరసంగా నడిస్తే 'మళ్లీ మొదలెట్టాడు' అంటారు. రచ్చబండ దగ్గర నవ్వితే తాగి నవ్వాడంటారు. మౌనంగా ఉంటే తాగడానికి డబ్బుల్లేక దిగులు పడ్డాడంటారు. కూలికి పిలిచేటప్పుడు సైతం అతని పేరుకు ముందు పాత బిరుదు తగిలించనిదే కొందరికి మాట సాగదు. తాగినన్నాళ్లూ మానమని తిట్టిన ఊరే, మానిన తరువాత అతన్ని మామూలు మనిషిగా ఒప్పుకోవడానికి సిద్ధంగా లేదు. ఇది శోచనీయం.

తాగుడు మీద పోరాటం నెల్లూరు జిల్లాకు కొత్తేమీ కాదు. అక్షరదీక్ష పుస్తకంలో చదువుకున్న పాఠమే దారి చూపగా, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1997లో సడలిపోయింది. అక్షరం ముక్క నేర్చుకున్న తల్లులు ప్రభుత్వాల చేత ఇంత పని చేయించడం ఈ జిల్లా చెప్పుకోదగిన ఘనత. అయితే దుకాణం మూయించడం ఒక ఎత్తు, మనిషి మనసు కుదుటపరచడం మరో ఎత్తు. రెండో పని ఏ చట్టంతోనూ, ఏ ధర్నాతోనూ అయ్యేది కాదు. అది ఇంట్లో, వీధిలో, పొలంగట్టు మీద జరగవలసిన పని.

ముందుగా ఒంటి సంగతి. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే, ఒక రోజు గడవకముందే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. కొందరికి రెండు రోజుల్లోపు ఫిట్స్ వస్తాయి. మరికొందరికి రెండు, మూడు రోజులకు లేని మనుషులు కనిపిస్తారు, వినపడని మాటలు వినిపిస్తాయి. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు మోసుకుపోవడం పెద్ద పొరపాటు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి, తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. అందుకే ఇలాంటివారు డాక్టరు పర్యవేక్షణలోనే మానడం క్షేమం. ఇంకో మాట. తాగుడు మానిపిస్తుందని ఎవరో ఇచ్చిన పొడినో, మాత్రనో మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్లున్నాయి. తాగితే పడకుండా చేసే మాత్రలు నిజంగానే ఉన్నాయి గాని, అవి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పినట్టు వాడవలసినవి. తెలియక వాటిమీద తాగితే గుండెకే ప్రమాదం.

ఒంటి వణుకు వారం పది రోజుల్లో తగ్గుతుంది. మనసు వణుకు అంత తొందరగా తగ్గదు. మత్తు ఇన్నాళ్లూ కప్పి ఉంచిన సంగతులన్నీ మానిన తరువాతే ఒక్కొక్కటిగా బయటపడతాయి. తాకట్టుకు పోయి తిరిగిరాని భార్య కమ్మలు, ఫీజు కట్టక చదువు ఆగిన కూతురు, పండుగపూట తల్లి మీద ఎత్తిన చెయ్యి. తెల్లవారుజామున మెలకువ వచ్చినవాడికి ఇవే గుర్తొస్తాయి. 'నేను దేనికీ పనికిరాను' అన్న మాట లోపల తొలుస్తుంది. ఆ సిగ్గును మరిచిపోవడానికి అతనికి తెలిసిన మందు ఒక్కటే, సీసా. తాగితే సిగ్గు, సిగ్గుపడితే తాగుడు. ఈ గానుగ నుంచి బయటపడుతున్నవాడి మొహాన ఊరు కూడా 'పనికిమాలినవాడు' అని ఉమ్మితే, అది వాణ్ణి మళ్లీ గానుగకు కట్టడమే.

అలాగని ఇంటి ఇల్లాలిని తప్పుపట్టడం న్యాయం కాదు. పదేళ్లు మోసపోయిన మనిషి పదిరోజుల్లో నమ్మలేదు. నోరు వాసన చూడడం, జేబులు వెతకడం ఆమెకు సరదా కాదు, భయం. 'మానేశాను కదా, ఇంకా నమ్మవేం' అని గద్దించే హక్కు భర్తకు లేదు. నమ్మకం అడిగితే వచ్చేది కాదు, రోజులు లెక్కపెట్టుకుని సంపాదించుకునేది. ఆమె చేయగలిగిందల్లా చిన్న చిన్న పనులు అప్పగించి చూడడం. సంతకు పంపి సరుకులు తెమ్మనడం, బిడ్డ బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లి రమ్మనడం. చేసిన పనిని చేశాడని ఒక్క మాట అనడం. తిరిగి చెయ్యెత్తితే మాత్రం ఓర్చుకోనక్కరలేదు. మానిన మాట వాస్తవమే అయినా కొట్టే హక్కు ఎవరికీ రాదు.

ఆత్మగౌరవం పొగడ్తలతో పెరగదు, పనితో పెరుగుతుంది. వేళకు పాలకేంద్రానికి పాలు పోయడం, అప్పులవాడికి వారానికి వంద రూపాయలైనా తనంతట తాను కట్టడం, కూలి డబ్బు చీకటి పడకముందే ఇంట్లో పెట్టడం, ఇవే అతని బలం. తనలాగే మానాలనుకునే మరొకడి పక్కన కూర్చోవడం అంతకంటే పెద్ద బలం. 1935లో అమెరికాలో తాగుడుకు బానిసలైన ఇద్దరు, ఒక వ్యాపారి, ఒక డాక్టరు, ఒకరికొకరు ఊతమై మానారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం అక్కడే పుట్టి దేశదేశాలకు విస్తరించింది. ఒకరి కష్టం ఒకరు చెప్పుకోవడమే దాని మూలసూత్రం.

మధ్యలో ఒకరోజు కాలు జారితే అంతా పోయినట్టు కాదు. ఆరునెలలు మానినవాడు ఒక పూట తాగితే, ఆ ఆరునెలలు నీళ్లలో కలిసిపోవు. మరునాడే మళ్లీ డాక్టరు దగ్గరకు నడిపించేవాళ్లుంటే నిలబడతాడు. 'నాకు ముందే తెలుసు' అనేవాళ్లుంటే పడిపోతాడు. పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక ఊరి బాధ్యత. పెళ్లిలో, జాతరలో, ఎన్నికల రాత్రుల్లో 'ఒక్క గుక్కకు ఏం కాదులే' అని మానినవాడి చేతికి గ్లాసు అందించేవాళ్లు స్నేహితులు కారు. పని పూర్తయ్యాక మందు పోయించే యజమానులు ఆ డబ్బును కూలిలో కలిపి ఇవ్వడం మంచిది. పొదుపు సంఘాల మహిళలు మానినవారి ఇళ్లను ఒకసారి పలకరిస్తే చాలు. తాగుడు జబ్బుకు చికిత్స పొందడం ఎవరో చేసే దయ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక ఇబ్బందులను జబ్బుగానే గుర్తించి, సర్కారు వైద్యం పొందే హక్కు ఇచ్చింది. మత్తు మానాలనుకునేవారు 14446కు, మనసు బాగాలేనివారు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. మద్యం అమ్మకాలపై రాబడి పొందే ప్రభుత్వం, అందులో కొంత భాగమైనా మండల స్థాయిలో మాన్పించే వైద్యానికి, మాట సాయానికి ఖర్చు పెట్టవలసి ఉంది.

ముప్పై ఏళ్ల క్రితం ఈ జిల్లా తల్లులు సారాయి దుకాణాన్ని ఊరి బయటకు తరిమారు. ఇప్పుడు తాగుడు మాని వచ్చినవాణ్ణి ఊరి లోపలికి పిలవాలి. అందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. అతన్ని అతని పేరుతో పిలిస్తే చాలు.