యంత్రము చెప్పు వాతావరణము: ఎంతవరకు నమ్మదగును?

రాయచూరునకు చేరువనున్న ఎరమరస్ వద్ద విమానాశ్రయము నిర్మించుటకు ప్రభుత్వము పూనుకొన్నది మొదలు మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రుల నోట ఆ మాటయే వినబడుచున్నది. కలబురగిలో 2019లోను, కర్నూలు సమీపమున ఓర్వకల్లులో 2021లోను విమానములు దిగనారంభించినవి. మన వంతు ఎన్నడని అడుగువారే ఎక్కువ. ఒక రైతు మాత్రము వేరొక ప్రశ్న వేసెను. "సారూ, పైనున్నోనికి కింద మబ్బుందో లేదో ఎవరు చెప్తారు? ఇప్పుడన్నీ మిషన్లే కదా. మిషను మాట నమ్మి దింపొచ్చునా?"

ఈ ప్రశ్న మాకు మిక్కిలి నచ్చినది. మేము తెలుగు చెప్పుకొనువారమే గాని శాస్త్రజ్ఞులము కాము. అయినను చదివి తెలిసికొన్నంతలో సమాధానము చెప్పుటకు యత్నింతుము.

విమానాశ్రయము నుండి గంటకొకసారి గాని, అరగంటకొకసారి గాని వెలువడు వాతావరణ నివేదికను మెటార్ అందురు. గాలి వీచు దిక్కు, దాని వేగము, చూపు ఆను దూరము, మబ్బుల ఎత్తు, ఉష్ణోగ్రత, వాయుపీడనము అందులో అక్షరములతోను అంకెలతోను సంకేతరూపమున నుండును. మనుష్యుని చేయి సోకకుండ యంత్రమే కూర్చిన నివేదిక యైనచో, సమయము వెనుక "ఆటో" అను గుర్తు చేర్తురు.

కొన్ని పనులను యంత్రమే మేలుగ చేయునని మొదటనే ఒప్పుకొనవలెను. రాత్రి 3 గంటల వేళ నిదుర ముంచుకొని వచ్చిన మనుష్యుడు బయటికి పోయి చూడక, కడచిన గంట అంకెనే మరల వ్రాసినచో ఎవరికి తెలియును? యంత్రమునకు ఆ జబ్బు లేదు. వాయుపీడనము సంగతియే చూడుడు. విమానము ఎంత ఎత్తున నున్నదో తెలుపు సాధనము పీడనమును బట్టియే తెలుపును. క్రింది నుండి అందిన అంకె ఒక్క మిల్లీబారు తప్పినచో ఎత్తు 27, 28 అడుగులు తప్పును. అంతటి సూక్ష్మమును నిముషనిముషమునకు కనిపెట్టియుండుట మనుష్యుని వశము కాదు.

మబ్బుల కడకు వచ్చుసరికి కథ మారును. సీలోమీటర్ అను యంత్రము ఒక లేజరు కిరణమును పైకి పంపును. అది మబ్బునకు తగిలి తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఎత్తు లెక్కకట్టును. బావిలో రాయి వేసి, చప్పుడగుటకు పట్టిన కాలమును బట్టి లోతు ఊహించుట వంటిదే ఇది. కాని ఆ కిరణము చూచునది తన నెత్తిమీది ఆకాశపు ముక్కను మాత్రమే. కృష్ణానది వైపు నల్లగ కమ్ముకొని వచ్చుచున్న మేఘము దాని నెత్తిమీదికి వచ్చువరకు దానికి లేనట్లే. చూపు దూరమును కొలుచు యంత్రమును అంతే. తన ముందున్న కొద్దిపాటి గాలిలో కాంతి ఎంత చెదరుచున్నదో కొలిచి, చుట్టుప్రక్కలంతయు ఇట్లే యుండునని అది చెప్పును. రన్‌వే ఆవలి కొనను మంచు పట్టియుండవచ్చును. ఆ సంగతి దానికి తెలియదు. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ వారు రన్‌వేపై చూపు ఎంత ఆనునో కొలుచుటకు "దృష్టి" అను పేర స్వదేశీ సాధనమును నిర్మింపగా, అది దేశములో పలు విమానాశ్రయములందు నెలకొల్పబడినది. పెద్ద విమానాశ్రయములలో ఇట్టి సాధనములను రన్‌వే పొడవున రెండు మూడు చోట్ల నిలుపుదురు. ఒక చోటి చూపు మరొక చోటికి చెల్లదనియే కదా!

ఇక మాకు ఆశ్చర్యము గొలిపిన సంగతి చెప్పెదము. మనుష్యుడు ఆకాశము నలుదిక్కుల పరికించి, విమానమునకు లెక్కింపదగిన మబ్బేదియు లేదని నిశ్చయించినపుడు "ఎన్.ఎస్.సి." అని వ్రాయును. యంత్రము తానొక్కటే చూచి మబ్బేదియు కనుగొననపుడు ఆ మాట వ్రాయరాదు, "ఎన్.సి.డి." అని వ్రాయవలెను. మొదటి దానికి "గణింపదగిన మబ్బు లేదు" అని అర్థము. రెండవ దానికి "మబ్బు కనుగొనబడలేదు" అని అర్థము. మొదటిది ఆకాశమును గూర్చిన మాట. రెండవది యంత్రము తన్ను గూర్చి తాను చెప్పుకొనిన మాట. సాధనము చెడి అంకె రానప్పుడు ఆ చోట ఏటవాలు గీతలు పడును. అనగా "నాకు తెలియదు" అని. ఇంత నిజాయితీగ మాటలాడు మనుష్యులు మాకు ఎక్కువగ తారసపడలేదు. కర్నూలులో పండిత శిక్షణ పొందు నాళ్లలో మా గురువుగారు "లేదు" అనుటకును "కనబడలేదు" అనుటకును గల భేదమును గూర్చి ఒక పూట యంతయు చెప్పిరి. ఆనాడు మేము ఆవులించితిమి.

కావున యంత్రము అబద్ధమాడుటలేదు. దాని మాటను మనము చదువుకొను తీరులోనే దోషమున్నది. గత వర్షాకాలమున మన పాఠశాల డాబామీది వర్షమాపకము వరుసగ రెండు దినములు సున్న చూపినది. ఆవరణలో చూడబోయిన మోకాలి బంటి నీరు! దించి చూడగా గరాటు నోట కందిరీగ మట్టిగూడు పెట్టియుండెను. లెక్క వ్రాసిన బాలుని అడిగితిమి. "సీసాలో నీళ్లు లేవు సార్, సున్న వేసినాను" అనెను. వాడు చూచినది చూచినట్లే వ్రాసినాడు. తలయెత్తి ఆవరణ వంక చూడకపోవుటయే వాని తప్పు.

పెద్దవారికిని ఇట్టిది జరిగినది. 2024 మే 29వ తేదీన ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రము 52.9 డిగ్రీల వేడిమి చూపినది. దేశమంతయు అదరిపడినది. ఆనాడే సఫ్దర్‌జంగ్ కేంద్రములో 46.8 డిగ్రీలు మాత్రమే. వాతావరణ శాఖ వారు పరీక్షించి, ముంగేశ్‌పూర్ సాధనము 3 డిగ్రీలు ఎక్కువ చూపినదని తేల్చిరి. ప్రక్కన సరిపోల్చుటకు ఇతర కేంద్రములును, సందేహించుటకు మనుష్యులును ఉండబట్టి ఆ తప్పు దొరకినది. ఒంటరిగ నున్న చిన్న విమానాశ్రయములో ఉన్నది ఒకే సాధనమైనచో దేనితో సరిపోల్చుదురు? వేడిగాలి పలుచనైనది; అది విమానమును ఎత్తు శక్తి తక్కువ. అందుచే మన వేసవిలో ఎంత బరువుతో లేవవచ్చునో పైలట్ ఉష్ణోగ్రతను బట్టియే లెక్క వేసికొనవలెను. అంకె ఎక్కువ చూపిన ప్రయాణికులను దింపివేయుదురు. తక్కువ చూపినచో అంతకంటె చెడ్డది.

పైగా మన నేల గుణమొకటి కలదు. ఒకవైపు శక్తినగర్, మరొకవైపు ఎరమరస్, రెండు చోట్లను బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములు. ఎండకాలపు దుమ్ము సరేసరి. ఇట్టి చోట సాధనముల అద్దములు తుడుచువాడు లేనిదే ఎంత ఖరీదైన కన్నైనను మసకబారును. చిన్న విమానాశ్రయములకు మనుష్యులనుంచుట ఖర్చని కొందరందురు. ఆ లెక్క మాకు రుచించదు. కోట్లు పోసి రన్‌వే వేయగలిగినవారు, ఆకాశము వంక చూచుటకు శిక్షణ పొందిన నలుగురికి జీతమీయలేరా? అమెరికాలో 1990 ప్రాంతముల నుండి వందలాది విమానాశ్రయములలో ఇట్టి యంత్రములు నిలిపిరి గాని, ముఖ్యమైన చోట్ల వాటి నివేదికను చూచి సవరించుటకు మనుష్యులను ఉంచుకొనిరి. ఎరమరస్‌లోను యంత్రముతో పాటు మనుష్యుడు ఉండవలెననియే మా అభిప్రాయము.

ఇది విమానమెక్కువారి సంగతి మాత్రమే యని రైతు సోదరులు తలపవలదు. వాతావరణము నాధారము చేసికొను పంటల బీమాలో పరిహారము పొలము చూచి ఈయరు. వర్షమాపకము చూపిన అంకెను బట్టి ఇత్తురు. పొలములో కురిసిన వాన వేరు, కేంద్రములో కురిసిన వాన వేరు అని మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన పిల్లలకును ఒక మాట. మెటార్ సంకేతము కన్నడమును కాదు, తెలుగును కాదు. దానిని చదువుటకు అందరును మొదటినుండి నేర్చుకొనవలసినదే. తెలుగు మాధ్యమములో చదివితిమని వెనుకకు తగ్గవలసిన పని ఇందు లేదు. భౌతికశాస్త్రము, గణితము గట్టిగ నేర్చినవారికి ఈ ద్వారము తెరచియే యుండును.

ఈ జూన్ నుండి ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు వర్షమాపకము చూచి పుస్తకములో వ్రాయు పనిని తొమ్మిదవ తరగతి వారికి అప్పగించితిమి. వాతావరణ శాఖ వారు వాన కొలుచు వేళయు అదియే. చూచిన దినమున అంకె వేయవలెను, చూడని దినమున సున్న వేయక "చూడలేదు" అని వ్రాయవలెనని చెప్పితిమి. మొదటి నెలలో ఆ మాట మూడు చోట్ల కనబడినది. ఆ మూడింటికి మేమెవరిని దండింపలేదు.