పరిహారం ఎవరికి?

1862 ఏప్రిల్ 16న వాషింగ్టన్ నగరంలో బానిసత్వం రద్దయింది. ప్రభుత్వం పరిహారం కూడా చెల్లించింది, అదీ యజమానులకు. విడుదలైన మనిషికి సగటున 300 డాలర్లకు మించకుండా. యజమానులు అర్జీలు పెట్టుకున్నారు: ఒక్కో బానిస పేరు, వయసు, ఒంటి రంగు, చేతనైన పని, పలికే ధర. ఆ ధర కట్టడానికి బాల్టిమోర్ నుంచి బానిసల వ్యాపారినే పిలిపించారు. మరి విడుదలైనవాళ్లకు? దేశం విడిచి పోతామంటే 100 డాలర్ల దాకా. ఆ అర్జీలు తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

అమెరికా అంతర్యుద్ధంతో స్వేచ్ఛ పొందినవారు సుమారు 40 లక్షలు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ తీరప్రాంత భూములను వాళ్లకు కుటుంబానికి 40 ఎకరాల దాకా పంచమన్నాడు. దున్నారు, విత్తారు. ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ నేలను పాత దొరలకే తిప్పి ఇవ్వమన్నాడు. రాజ్యాంగ 13వ సవరణ బానిసత్వాన్ని నిషేధిస్తూనే, నేరానికి శిక్షగా మాత్రం మినహాయింపు ఉంచింది. ఆ మినహాయింపుతో దక్షిణాది రాష్ట్రాలు ఖైదీలను గనులకు, తోటలకు అద్దెకిచ్చాయి.

అయినా విడుదలైనవాళ్లు ఓడిపోయారని ఎలా అనగలం? బిడ్డను ఒడిలోంచి లాక్కెళ్లి అమ్మేవాడు ఇక లేడు. అమ్ముడుపోయి చెదిరిన తల్లుల కోసం, పిల్లల కోసం పత్రికల్లో ప్రకటనలు వేయించారు. చర్చిల్లో పాస్టర్లు వాటిని చదివి వినిపించేవారు. యుద్ధం ముగిసి 30 ఏళ్లు దాటినా అవి ఆగలేదు.

ఆ ప్రకటనలపై వ్యాసంతోనే ఈ సంచికను మొదలుపెడుతున్నాం. ముందు అది చదవండి.