చిల్లర రాబడి

సార్వా, దాళ్వాల రొక్కము ఏడాదికి రెండు మారులే వచ్చును. ఎరువులకును, కూలికిని, వడ్డీకిని పోవును. పూతరేకుల రాబడి యట్టిది కాదు. బోర్లించిన కుండను వేడిచేసి, పలుచని పిండిలో గుడ్డ ముంచి పైని పరచిన క్షణములో రేకు సిద్ధమగును. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ పని ఆత్రేయపురపు స్త్రీలకు దినదినమును సొమ్ము తెచ్చుచున్నది. అన్యులకు పాడిగేదెయో, పెరటి కొబ్బరియో కలదు.

అయినను ఈ చిల్లర దినవెచ్చములో కలసిపోవుట మేము గ్రామములలో చూచుచున్నాము. దినమునకు 20 రూపాయలు వేరుగా నుంచినచో ఏడాదికి 7,300 అగును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై 10,000 అప్పున్నవారు ఏటా 2,400 వడ్డీయే చెల్లింతురు. కావున నిలువ సొమ్ముతో ముందుగా ఆ యప్పు తీర్పవలెను; అంత వడ్డీ నిచ్చు డిపాజిట్టు ఏ సంఘమునను లేదు.

అప్పు తీరెనని పొదుపు మానరాదు. ఆ 20 రూపాయలే సంఘములోని ఖాతాకు చేరవలెను. ఆ ఖాతా మంట యెదుట కూర్చుండి రేకు తీసిన యామె పేరనే యుండుట న్యాయమని మా యభిప్రాయము. ఆమె సొమ్ము ఆమె సంతకము లేక కదలదు గనుక, పండుగలకును పందెములకును చిక్కదు. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు. రైతు సోదరులారా, ఆ చన్నీళ్లను ఒలకబోసికొనకుడు.